సలమాంకాలో ఎక్స్ఛేంజ్ విద్యార్థిగా స్థిరపడడం ఎలా?

మాడ్రిడ్‌కు పడమరగా, సుమారు 210 కిలోమీటర్ల దూరంలో, తోర్మెస్ నది ఒడ్డున ఉన్న ఊరు సలమాంకా. జనాభా లక్షన్నర లోపే. 1218లో పుట్టిన విశ్వవిద్యాలయం మీదే ఊరు బతుకుతుంది. సెప్టెంబరులో విద్యార్థులతో కిటకిటలాడి, ఆగస్టులో సగం షట్టర్లు దించేసుకుంటుంది. ఈ చివర నుంచి ఆ చివరకు అరగంటలో నడిచి వెళ్లిపోవచ్చు. కాబట్టి తిరగడం కష్టం కాదు, చదువు కూడా అంత కష్టం కాదు. ఇబ్బందంతా కాగితాల వరుసతోనే. వీసాకు ఒక కాగితం, గదికి ఒక కాగితం, గది కాగితంతో మున్సిపాలిటీలో నమోదు, ఆ నమోదుతో పోలీసుల దగ్గర కార్డు... ఒకటి తప్పితే మిగతావన్నీ ఆగిపోతాయి. అందుకే ఇక్కడి అంచెలను చేయాల్సిన వరుసలోనే చెబుతున్నాం.

1. బయల్దేరే ముందు: 180 రోజులా, అంతకు మించా?

ముందు తేల్చుకోవలసింది ఇదే. ఒక్క సెమిస్టరుకే వెళ్తూ మీ బస 180 రోజుల లోపు ఉంటే, వీసా స్టిక్కరే మొత్తం కాలానికి చెల్లుతుంది, అక్కడ కార్డు కోసం తిరగక్కర్లేదు. 180 రోజులు దాటితే రెండు కాగితాలు అదనం: పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్, డాక్టరు ఇచ్చే ఆరోగ్య ధ్రువపత్రం. అక్కడికి చేరాక టీఐఈ అనే గుర్తింపు కార్డు కూడా తీసుకోవాలి.

పోలీస్ క్లియరెన్స్‌ను పాస్‌పోర్ట్ సేవా ద్వారా తీసుకుని, విదేశాంగ శాఖ చేత అపోస్టిల్ (కాగితం విదేశాల్లో చెల్లేందుకు వేసే) ముద్ర వేయించి, ఆపైన స్పానిష్‌లోకి అధికారిక అనువాదం చేయించాలి. ఈ వరుస మార్చకండి. అపోస్టిల్ కన్నా ముందే అనువాదం చేయిస్తే, ముద్ర మీద ఉన్నది అనువాదంలో ఉండదు. మళ్లీ డబ్బు, మళ్లీ రెండు వారాలు.

ఖర్చులకు డబ్బుందని చూపడానికి స్పెయిన్ వాడే కొలత ఐప్రెమ్. 2023 నుంచి అది నెలకు 600 యూరోలుగా ఉంది. పది నెలల బసకు 6,000 యూరోలకు తగ్గకుండా చూపాలి. కచ్చితంగా అంతే చూపి ఊరుకోవద్దు, కాస్త ఎక్కువే ఉంచండి. ఇన్సూరెన్సు స్పెయిన్‌లో పనిచేసే కంపెనీది కావాలి. ఆస్పత్రికి వెళ్లిన ప్రతిసారీ మీ జేబులోంచి కట్టే వాటా గానీ, మొదటి నెలల్లో చికిత్సకు వర్తించదనే నిబంధన గానీ అందులో ఉండకూడదు. మామూలు ట్రావెల్ ఇన్సూరెన్సు పెట్టినందుకు వెనక్కి వచ్చిన దరఖాస్తులు కోకొల్లలు.

తిరుగు టికెట్ విషయంలో చాలామంది బోల్తా పడతారు. మొదటి సెమిస్టరు డిసెంబరుతో అయిపోతుందనుకుని క్రిస్మస్‌కు టికెట్ తీసేసుకుంటారు. కానీ పరీక్షలు జనవరిలో. తప్పితే మళ్లీ రాసే అవకాశం ఆ తర్వాత. భారత్‌లోని మీ కాలేజీలో తర్వాతి సెమిస్టరు అప్పటికే మొదలై ఉంటుంది కాబట్టి, ఆలస్యంగా చేరడానికి అనుమతి ముందే రాయించుకుని వెళ్లండి.

2. సూట్‌కేసు

కరెంటు మనలాగే 230 వోల్టులు, ట్రాన్స్‌ఫార్మర్ అక్కర్లేదు. మన మూడు పిన్నుల ప్లగ్గు మాత్రం దూరదు. ఒక యూరప్ అడాప్టరు, ఇక్కడి నుంచే ఒక ఎక్స్‌టెన్షన్ బోర్డు పట్టుకెళ్తే అన్నిటికీ ఆ ఒక్క అడాప్టరే సరిపోతుంది.

ఊరు సముద్ర మట్టానికి 800 మీటర్ల ఎత్తున ఉంటుంది. జనవరి రాత్రుల్లో సున్నా కిందికి దిగడం మామూలే, పొద్దున్నే పొగమంచు. ఆ నెల మొదట్లో సూర్యుడు దాదాపు 8:45కు గానీ రాడు, అంటే తొమ్మిది గంటల క్లాసుకు చీకట్లోనే బయల్దేరతారు. అయినా మందపాటి జాకెట్ హైదరాబాద్‌లో కొనకండి. అక్కడ దొరికేదే ఆ చలికి తగినది.

తిండి సామాను దగ్గర యూరోపియన్ యూనియన్ నిబంధన ఒకటి గుర్తుంచుకోండి. బయటి దేశాల నుంచి మాంసం, పాల పదార్థాలు తేకూడదు. చికెన్ పచ్చడి, గోంగూర మటన్, నెయ్యి, పాలకోవా అన్నీ ఆ కిందకే వస్తాయి. ఆవకాయ, కందిపొడి, కరివేపాకు పొడి, సాంబారు కారం లాంటివి కట్టించుకోండి. పచ్చి కరివేపాకు మూటలు వద్దు, పచ్చి ఆకులకు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం అడుగుతారు. రోజూ వాడే మందులుంటే డాక్టరు చీటీతో సహా తీసుకెళ్లండి.

భారత సిమ్‌ను పారేయవద్దు, రోమింగ్‌లో ఉంచండి. బ్యాంకు ఓటీపీలు దానికే వస్తాయి. అది ఆగిపోతే ఇంటి నుంచి పంపిన డబ్బు కళ్ల ముందే ఉన్నా చేతికి అందదు.

3. మాడ్రిడ్ నుంచి ఊరికి

రైలు చమార్తిన్ స్టేషన్ నుంచి బయల్దేరుతుంది. వేగంగా వెళ్లేవి గంటా నలభై నిమిషాల దరిదాపుల్లో చేరుస్తాయి. బస్సుకు రెండున్నర గంటల పైనే పడుతుంది, కానీ చార్జీ తక్కువ, సామాను పెట్టుకోవడం తేలిక. బరాహాస్ విమానాశ్రయం నుంచి నేరుగా సలమాంకాకు బస్సులున్నాయి. రెండు పెద్ద సూట్‌కేసులతో దిగినవాళ్లు మెట్రో మారుతూ అవస్థ పడే బదులు ఆ బస్సు ఎక్కడమే మేలు. విమానం ఆలస్యమైతే టికెట్ పోతుంది కాబట్టి, దిగే సమయానికి కనీసం మూడు గంటల తర్వాతి బస్సుకే బుక్ చేయండి.

ఫ్రాంక్‌ఫర్ట్, పారిస్ లాంటి చోట విమానం మారితే మీ ప్రవేశం ఆ దేశంలోనే నమోదవుతుంది. స్పెయిన్‌లోకి ఏ రోజు వచ్చారో చూపడానికి చివరి విమానం బోర్డింగ్ పాస్ దాచుకోండి.

4. గది: తొందరపడితే మొదటికే మోసం

మొదటి వారానికి హాస్టల్ గానీ చవక లాడ్జి గానీ బుక్ చేసుకుని, గదులను కళ్లారా చూశాకే డబ్బు కట్టండి. ఇదొక్కటి పాటిస్తే మోసాల్లో ఎక్కువ భాగం తప్పుతాయి. "నేను వేరే దేశంలో ఉన్నాను, అడ్వాన్సు పంపితే తాళాలు కొరియర్‌లో వస్తాయి" అన్నవాడితో మాట పొడిగించవద్దు.

విద్యార్థులు ఎక్కువగా ఉండేది నలుగురైదుగురు పంచుకునే ఫ్లాట్లలో. ఒక గదికి నెలకు సుమారు 250 నుంచి 350 యూరోలు. చదివే చోటును బట్టి పేట ఎంచుకోండి. భాషలు, సాహిత్యం వాళ్లకు క్లాసులు పాత ఊళ్లో, కేథడ్రల్ పక్కన. లా, ఎకనామిక్స్, మెడిసిన్, ఫార్మసీ వాళ్లకు పడమటి వైపు ఉనమునో క్యాంపస్‌లో. ఆ క్యాంపస్‌కు ఓయెస్తె, సాన్ బెర్నార్దో పేటలు దగ్గర. గర్రీదో పేట చవక, కానీ ఉనమునోకు రోజూ అరగంట నడక. ఊరి ప్రధాన కూడలి ప్లాజా మయోర్ చుట్టుపక్కల గదులు ఫొటోల్లో భలే ఉంటాయి. గురువారం రాత్రి నాలుగింటిదాకా వీధిలో కేకలు వినే ఓపిక ఉన్నవాళ్లకే అవి.

గది చూసేటప్పుడు అడగాల్సినవి:

- కిటికీ వీధివైపా, లోపలి గోతిలాంటి వెలుతురు సందువైపా? రెండోదైతే అద్దె తగ్గుతుంది గానీ గదిలోకి ఎండ రాదు, చలికాలంలో గోడ చెమర్చి బూజు పడుతుంది.
- హీటింగ్ ఏ రకం? భవనమంతటికీ ఒకటే ఉంటే ఖర్చు ఇంచుమించు స్థిరం. ఫ్లాటుకు విడిగా గ్యాస్ బాయిలర్ ఉంటే వాడినంత బిల్లు. కరెంటు హీటర్లే దిక్కైతే జనవరి బిల్లు చూసి గుండె గుభేలుమంటుంది.
- కరెంటు, నీళ్లు, గ్యాస్, ఇంటర్నెట్ అద్దెలో కలిసేనా, విడిగానా? విడిగా అయితే పోయిన ఫిబ్రవరి బిల్లు చూపమనండి. సెప్టెంబరు బిల్లు చూసి లెక్కలు వేసుకోవద్దు.
- వేడినీళ్లకు బ్యుతేన్ సిలిండరా? నారింజ రంగు సిలిండర్‌లో 12.5 కిలోల గ్యాస్ ఉంటుంది. మెట్ల మీద మోసేదెవరో ముందే మాట్లాడుకోవాలి.
- అన్నిటికన్నా ముఖ్యం: "మె ప్వెదో ఎంపాద్రొనార్ ఆకీ?" అంటే, ఈ చిరునామా మీద మున్సిపాలిటీలో నమోదు చేసుకోవచ్చా అని. ఓనరు నీళ్లు నమిలితే ఆ గది వదిలేయండి, ఎంత చవకైనా సరే. కారణం తర్వాతి అంచెలో ఉంది.

నోటిమాట మీద గది తీసుకోవద్దు, రాతపూర్వక ఒప్పందం కావాలి. అందులో మీ పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. ఇంటిపేరు ముందా వెనకా అన్న గొడవ మన పేర్లకు తప్పదు, పాస్‌పోర్టు ముందు పెట్టుకుని రాయించండి. డిపాజిట్ మామూలుగా ఒక నెల అద్దె. దాన్ని బ్యాంకు ద్వారా కట్టండి, నగదైతే రసీదు తీసుకోండి. చాలామంది ఓనర్లు సెప్టెంబరు నుంచి జూన్ దాకా పది నెలలకే ఇస్తామంటారు. ఒక్క సెమిస్టరే ఉండేవాళ్లు, ఫిబ్రవరిలో తమ బదులు ఇంకొకరిని చూపిస్తామని ఒప్పందంలోనే రాయించుకోవాలి. రెండో సెమిస్టరుకు కొత్త విద్యార్థులు వస్తారు కాబట్టి మనిషిని వెతకడం కష్టం కాదు.

5. నమోదు, తర్వాత కార్డు

చేరిన వారంలోనే ప్లాజా మయోర్‌లో ఉన్న పురపాలక భవనం వెబ్‌సైటులో అపాయింట్‌మెంట్ తీసుకుని పాద్రోన్‌లో, అంటే ఊరి నివాసుల జాబితాలో, పేరు ఎక్కించుకోండి. పాస్‌పోర్టు, అద్దె ఒప్పందం కావాలి. ఒప్పందం ఫ్లాట్‌మేట్ పేరున ఉంటే అతని సంతకంతో అనుమతి పత్రం, అతని గుర్తింపు నకలు కావాలి. చేతికిచ్చే కాగితం పేరు వొలాంతె. రెండు నకళ్లు తీసుకోండి.

వీసా 180 రోజులకు మించినదైతే, స్పెయిన్‌లో అడుగుపెట్టిన నెలలోపు టీఐఈకి దరఖాస్తు చేయాలి. నమోదు కాగితం వచ్చేదాకా ఆగకుండా, చేరిన రోజే నేషనల్ పోలీసు విదేశీయుల విభాగంలో వేలిముద్రల అపాయింట్‌మెంట్ కోసం వెతకడం మొదలుపెట్టండి. తేదీలు కనబడకపోతే రోజూ పొద్దున చూస్తూ ఉండండి, వెతికినట్టు తేదీతో స్క్రీన్‌షాట్లు ఉంచుకోండి. అపాయింట్‌మెంట్ ఉచితం. డబ్బుకు అమ్మేవాళ్ల దగ్గర కొనవద్దు.

ఆ రోజు పట్టుకెళ్లాల్సినవి: నింపిన ఈఎక్స్-17 దరఖాస్తు, ఫీజు కట్టిన మోడెలో 790 కోడ్ 012 రసీదు, తెల్లటి వెనకతెరతో తీసిన ఒక చిన్న ఫొటో, పాస్‌పోర్టు, వీసా పేజీతో సహా దాని నకళ్లు, వొలాంతె, విశ్వవిద్యాలయ ప్రవేశ పత్రం. ఫీజు సుమారు 16 యూరోలు. 790 ఫారంలో చాలా గడులుంటాయి. మీకు కావాల్సింది తొలిసారి ఇచ్చే కార్డు గడి. పొడిగింపు గడిలో టిక్కు పెడితే వేరే మొత్తం వచ్చి రసీదు పనికిరాకుండా పోతుంది. బ్యాంకులు ఇలాంటి చెల్లింపులను పొద్దున కొన్ని గంటలే తీసుకుంటాయి కాబట్టి, అపాయింట్‌మెంట్ రోజు ఉదయం కడదామని కూర్చోవద్దు. వేలిముద్రలు తీసుకుని ఒక రసీదు ఇస్తారు. సుమారు నెల తర్వాత ఆ రసీదు చూపి కార్డు తెచ్చుకోవాలి.

కార్డు చేతికి రాకముందే వీసా గడువు ముగిసి, మీరు క్రిస్మస్‌కు ఇంటికి వెళ్లాలనుకుంటే, తిరిగి రావడానికి విడిగా అనుమతి పత్రం తీసుకోవాలి. అది లేకుండా విమానం ఎక్కితే తిరుగు ప్రయాణంలో ఆపేస్తారు.

సిమ్ కార్డు పాస్‌పోర్టు చూపితే ఇస్తారు. బ్యాంకు ఖాతాకు మాత్రం కార్డు వచ్చేదాకా ఆగడమే సుఖం, ఈలోపు ఫోరెక్స్ కార్డుతో నెట్టుకురండి.

6. క్లాసులు

సెమిస్టరుకు మామూలుగా 30 ఈసీటీఎస్ (యూరప్ విశ్వవిద్యాలయాల ఉమ్మడి లెక్క) క్రెడిట్లు. ఒక్కో క్రెడిట్ అంటే క్లాసు, ఇంటి చదువు కలిపి 25 గంటల పని. ఆరు క్రెడిట్ల సబ్జెక్టంటే 150 గంటలు. బయల్దేరే ముందు ఏ సబ్జెక్టులు చదవాలో రాసుకున్న లెర్నింగ్ అగ్రిమెంట్ చేరాక ఎలాగూ మారుతుంది, టైమ్‌టేబుల్‌లో రెండు సబ్జెక్టులు ఢీకొంటాయి. మార్చుకునే గడువు మొదటి కొన్ని వారాలే. ప్రతి మార్పుకూ మీ కాలేజీ సమ్మతి ఈమెయిల్‌లో తీసుకోండి. "వచ్చాక చూద్దాంలే" అన్న మాటను నమ్మి వెళ్తే తిరిగొచ్చాక క్రెడిట్లు గాల్లో కలుస్తాయి.

మార్కులు పదికి. ఐదు వస్తే పాస్, ఏడు నుంచి నోతాబ్లె (బాగుంది), తొమ్మిది నుంచి సోబ్రెసాలియెంతె (అత్యుత్తమం). ఎనిమిది వచ్చిందని మొహం వేలాడేయకండి, అక్కడ అది మంచి మార్కు. దాన్ని 80 శాతంగా తిప్పి రాయకుండా, మార్పిడి పట్టిక ఏదో మీ కాలేజీని ముందే అడగండి.

ప్రతి సబ్జెక్టుకూ ఒక అధికారిక మార్గదర్శిక ఉంటుంది. చివరి పరీక్షకు ఎంత శాతం, ప్రాక్టికల్స్‌కు ఎంత, హాజరు తప్పనిసరా అన్నది అందులోనే రాసి ఉంటుంది. చివరి పరీక్షలో ఎంత బాగా రాసినా ప్రాక్టికల్స్‌లో కనీస మార్కు రాకపోతే ఫెయిల్ చేసే సబ్జెక్టులున్నాయి. మొదటి వారంలోనే చదవండి. నోట్సు, అసైన్‌మెంట్లు స్టుడియుమ్ అనే ఆన్‌లైన్ వేదికలో పెడతారు.

ప్రొఫెసర్లను పేరు పెట్టి పిలుస్తారు. మనకు మొదట్లో నోరు రాదు గానీ, వాళ్లకు అందులో అమర్యాద ఏమీ లేదు. వారంలో కొన్ని గంటలు వాళ్లు విద్యార్థుల కోసమే గదిలో కూర్చుంటారు. అక్కడికి వెళ్లి మీరు ఎక్స్ఛేంజ్ విద్యార్థి అని మొదట్లోనే చెప్పండి. పరీక్షకు ముందు రోజు చెబితే ఏ ఉపయోగమూ లేదు.

చదువుకోవడానికి ఉనమునో క్యాంపస్‌లో ఫ్రాన్సిస్కో దె వితోరియా లైబ్రరీ ఉంది. పాత ఊళ్లోనైతే గోడ నిండా రాతి ఆల్చిప్పలున్న కాసా దె లాస్ కోంచాస్. అది ప్రజా గ్రంథాలయం, ప్రవేశం ఉచితం.

స్పానిష్ బీ1 (మధ్యస్థ) స్థాయికి తగ్గకుండా నేర్చుకుని వెళ్లండి. కౌంటర్ల దగ్గర ఇంగ్లిష్ దొరుకుతుందన్న ఆశ వద్దు. ఈ ఊళ్లో స్పానిష్ స్పష్టంగా పలుకుతారని పేరు, భాష నేర్చుకోవడానికే ఏటా వేలమంది వస్తారు. పార్ట్‌టైమ్ పని విషయంలో మాత్రం పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. చిన్న ఊరు, ఉన్న పనులు బార్లలోనే, వాటికి భాష గడగడా రావాలి.

7. వంటిల్లు, తిండి

అక్కడి గంటలు వేరు. మధ్యాహ్న భోజనం రెండు నుంచి మూడున్నర, రాత్రి భోజనం తొమ్మిది తర్వాతే. చిన్న దుకాణాలు రెండు నుంచి ఐదు దాకా మూసేస్తారు. ఆదివారం సూపర్‌మార్కెట్లు చాలావరకు బంద్. శనివారం సాయంత్రమే పాలు, కూరలు తెచ్చి పెట్టుకోండి. కుళాయి నీళ్లు తాగొచ్చు.

కందిపప్పు మామూలు షాపుల్లో దొరకదు, దిగులు పడక్కర్లేదు. "లెంతెహా రోహా" అని రాసిన పొట్టు తీసిన ఎర్రపప్పు కొనండి, అది మన మసూర్ పప్పే. ఒక కప్పు పప్పుకు మూడు కప్పుల నీళ్లు, పసుపు వేసి కుక్కర్ లేకుండానే 20 నిమిషాల్లో మెత్తబడుతుంది. పొట్టుతో ఉన్న పార్దీనా రకం గింజ విరగదు, పప్పుకు కాదు గానీ కూరకు బాగుంటుంది. సలమాంకా ఉత్తరాన ఉన్న లా అర్మూన్యా ప్రాంతపు పప్పుగింజలకు దేశమంతటా పేరుంది, ఓసారి వండి చూడాల్సిందే. పులుపుకు టమాటా, నిమ్మకాయ. నెయ్యికి ఉప్పులేని వెన్న 250 గ్రాములు సన్నని మంట మీద ఓ పావుగంట కాచి వడకట్టుకోండి.

కొనేటప్పుడు తికమక పెట్టేవి రెండు. కొత్తిమీర కట్ట అనుకుని పార్స్‌లీ తెచ్చుకుంటారు, చూడ్డానికి కవలలే. "సిలాంత్రో" అని రాసి ఉందో లేదో చూడండి, లేదా ఓ ఆకు నలిపి వాసన చూడండి. ఎర్రగా కనబడే పిమెంతోన్ మన కారం కాదు. లా వేరా రకానికి పొగ వాసన ఉంటుంది, పోపులో వేస్తే వంటంతా కట్టెలపొయ్యి కంపు. ఘాటుకు "కయేనా" ఎండుమిరపకాయలు తీసుకోండి.

ఇండక్షన్ పొయ్యి ఉన్న ఫ్లాటులో మన అల్యూమినియం కుక్కర్ పనిచేయదు. అయస్కాంతం అంటుకునే అడుగున్నదే కావాలి. అక్కడి ఇళ్లలో స్టీలు ప్రెషర్ కుక్కర్ మామూలు వస్తువే, అల్మారాలో వెతికి చూడండి.

ఇక కరెంటు పోవడం గురించి. ఫ్లాటుకు ఒప్పందం చేసుకున్న లోడు తరచుగా 3.45 కిలోవాట్లే. పొయ్యి రెండు కిలోవాట్లు, హీటరు ఇంకో రెండు. రెండూ ఒకేసారి వేస్తే మీటరు సరఫరా ఆపేస్తుంది. ఇంట్లో స్విచ్చులన్నీ పైకే ఉంటాయి కాబట్టి ఏమైందో అర్థం కాదు. ముందు హీటరు, పొయ్యి ఆపండి. తలుపు పక్కన ఉండే పెట్టెలో మెయిన్ స్విచ్ కిందికి దించి, కొన్ని సెకన్లు ఆగి పైకి ఎత్తండి. ఎక్కువసార్లు ఇదే పని, ఎలక్ట్రీషియన్ అక్కర్లేదు.

బయట తినాలంటే వాన్ డైక్ వీధి బార్లు విద్యార్థులకు ఇష్టమైనవి. అక్కడ తినేవి చాలావరకు పంది మాంసం: వేయించిన దవడ, గిహ్వేలో అనే ఊరి హామ్, ఒర్నాసో అనే మాంసపు రొట్టె. శాకాహారులు "సిన్ కార్నె" (మాంసం లేకుండా) అని ఊరుకుంటే లాభం లేదు, హామ్‌ను, చేపను చాలామంది మాంసం లెక్కలో వేయరు. "సిన్ కార్నె, సిన్ హమోన్, సిన్ అతూన్" (మాంసం, హామ్, ట్యూనా లేకుండా) అని మూడూ విడివిడిగా చెప్పాలి. మామూలు సలాడ్‌లో కూడా ట్యూనా చేప ఉంటుంది. తోర్తీయా అనే బంగాళదుంప ఆమ్లెట్ ఎక్కడైనా దొరుకుతుంది, గుడ్డు తినేవాళ్లకు అదే ఆధారం.

8. ఒంట్లో బాగాలేకపోతే

అత్యవసరానికి 112. చిన్న నలతకు ఆకుపచ్చ శిలువ గుర్తున్న ఫార్మసీకి వెళ్లి లక్షణాలు చెప్పండి. యాంటీబయాటిక్ డాక్టరు చీటీ లేనిదే ఇవ్వరు, బతిమాలినా ఇవ్వరు. పారాసిటమాల్ 650 మిల్లీగ్రాములు చీటీ లేకుండా దొరుకుతుంది, ఒక గ్రాముదానికి చీటీ కావాలి. రాత్రి ఏ ఫార్మసీ తెరిచి ఉంటుందో మూసిన ప్రతి ఫార్మసీ తలుపు మీదా అతికించి ఉంటుంది.

9. వెళ్లేముందు

బయల్దేరడానికి రెండు వారాల ముందే అంతర్జాతీయ కార్యాలయంలో మీరు ఉన్న తేదీలతో సంతకం చేసిన బస ధ్రువపత్రం తీసుకోండి. మార్కుల జాబితా తర్వాత పంపుతారు, ఎవరికి పంపాలో మీ కాలేజీ ఈమెయిల్ ఇచ్చి రండి.

గది అప్పగించే రోజు ప్రతి గోడనూ, మీటరు అంకెలనూ ఫొటో తీసి, తాళాలు ఇచ్చినట్టు ఓనరుతో రాయించుకోండి. అక్కడి నుంచి నెలలోపు డిపాజిట్ తిరిగి ఇవ్వాలి, దాటితే చట్టప్రకారం వడ్డీ మొదలవుతుంది. చివరి నెల అద్దె కట్టకుండా డిపాజిట్‌లో కొట్టేసుకోమనడం అక్కడి విద్యార్థుల్లో అలవాటే గానీ, ఒప్పందం దానికి ఒప్పుకోదు. స్పెయిన్ ఖాతాను డిపాజిట్ వచ్చేదాకా మూయకండి. భారత్ ఖాతాకు పంపమంటే చాలామంది ఓనర్లు అక్కడితో ఫోన్ ఎత్తడం మానేస్తారు.